నాలుగు టెర్మినళ్ల స్పీకర్: బై-ఆంపింగ్‌లో అసలు మార్పు ఎక్కడ జరుగుతుంది

సంక్షిప్తంగా

ఒక్కో స్పీకర్‌కు రెండేసి ఆంప్లిఫయర్లు వాడే పద్ధతిని బై-ఆంపింగ్ అంటారు. స్పీకర్ పెట్టెలో ఉన్న పాసివ్ క్రాసోవర్‌ను (కాయిళ్లు, కెపాసిటర్లతో బేస్‌నూ ట్రెబుల్‌నూ వేరుచేసే సర్క్యూట్) కదిలించకుండా ఇంకో ఆంప్లిఫయర్ కలిపితే దక్కే లాభం స్వల్పం. ఆ క్రాసోవర్‌ను తప్పించి, ఆంప్లిఫయర్ల కంటే ముందే ఎలక్ట్రానిక్ క్రాసోవర్‌తో సిగ్నల్‌ను విడదీస్తే దక్కేది చాలా ఎక్కువ. అయితే అప్పటివరకు స్పీకర్ రూపకర్త చేసిపెట్టిన పని మొత్తం వాడేవారి మీద పడుతుంది. మైక్రోఫోన్‌తో కొలవకుండా ఆ పని పూర్తి కాదు.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

ఓ మోస్తరు ధర దాటిన స్పీకర్లలో చాలావాటికి వెనకవైపు రెండు టెర్మినళ్లకు బదులు నాలుగు ఉంటాయి. పై జతను కింది జతతో కలుపుతూ చిన్న లోహపు పట్టీలు బిగించి ఉంటాయి. వీటినే జంపర్లు అంటారు. హోమ్ థియేటర్ రిసీవర్ల సెటప్ మెనూలో ‘బై-ఆంప్’ అనే ఎంపిక కూడా కనిపిస్తుంది. ఈ రెండింటినీ చూసినవారికి, జంపర్లు తీసేసి రిసీవర్‌లో ఖాళీగా ఉన్న రెండు చానళ్లను స్పీకర్‌కు తగిలిస్తే ధ్వని మెరుగవుతుందని అనిపించడం సహజం. మరోపక్క, పెళ్లి పందిళ్లలోనూ వినాయక నిమజ్జనాల్లోనూ పనిచేసే సౌండ్ సెట్లవారు బేస్ పెట్టెలకు ఒక ఆంప్లిఫయర్, టాప్ పెట్టెలకు ఒక ఆంప్లిఫయర్ వాడతారు. వాటి ముందు ర్యాక్‌లో ఒక క్రాసోవర్ ఉంటుంది. అక్కడ అంత బలంగా పనిచేసే పద్ధతి ఇంట్లో ఎందుకు పనిచేయదన్న ప్రశ్న కూడా వస్తుంది.

సౌండ్ సెట్‌లో జరిగేదీ రిసీవర్ మెనూలో జరిగేదీ ఒకటి కాదు. మెనూలోని ‘బై-ఆంప్’ ఎంపిక పెట్టుకున్నప్పుడు రిసీవర్ రెండు చానళ్లకూ ఒకే పూర్తి సిగ్నల్‌ను, అంటే బేస్ నుంచి ట్రెబుల్ వరకు మొత్తాన్ని పంపుతుంది. వేరుచేసే పని ఇంకా స్పీకర్ పెట్టెలోని కాయిళ్లు, కెపాసిటర్లే చేస్తుంటాయి. దీన్ని పాసివ్ బై-ఆంపింగ్ అంటారు. ఒకే ఆంప్లిఫయర్ నుంచి రెండు జతల తీగలు లాగడం బై-వైరింగ్, అది దీనికంటే చిన్న మార్పు. యాక్టివ్ బై-ఆంపింగ్ అనదగినది మూడోది: ప్రీఆంప్లిఫయర్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను ఎలక్ట్రానిక్ క్రాసోవర్ ముందే రెండుగా విడదీస్తుంది, ఒక్కో ఆంప్లిఫయర్ తనకు అందిన భాగాన్నే పెంచుతుంది, ఆ ఆంప్లిఫయర్‌కూ డ్రైవర్‌కూ (పెట్టెలో ధ్వని పుట్టించే భాగం) మధ్య తీగ తప్ప ఇంకేమీ ఉండదు.

నాలుగు టెర్మినళ్లు ఉన్నంత మాత్రాన స్పీకర్ యాక్టివ్ బై-ఆంపింగ్‌కు సిద్ధంగా ఉన్నట్టు కాదని ఇక్కడే గుర్తించాలి. జంపర్లు తీసినప్పుడు పాసివ్ క్రాసోవర్‌లోని వూఫర్ (బేస్ డ్రైవర్) భాగం, ట్వీటర్ (ట్రెబుల్ డ్రైవర్) భాగం ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. అంతేకానీ అవి తొలగిపోవు. వాటిని తప్పించాలంటే పెట్టె తెరిచి, డ్రైవర్ల తీగలను నేరుగా బయటికి తేవాలి. వారంటీ అక్కడితో ముగుస్తుంది.

ఆంప్లిఫయర్ల మీద భారం: లెక్క ఏం చెబుతుంది

యాక్టివ్ పద్ధతికి అనుకూలంగా ఎక్కువగా వినిపించే వాదన హెడ్‌రూమ్ గురించి, అంటే ఆంప్లిఫయర్ తన పరిమితిని తాకేలోపు మిగిలి ఉండే సామర్థ్యం గురించి. ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక క్షణంలో బేస్ తరంగపు శిఖరం 20 వోల్టులు, ట్రెబుల్ తరంగపు శిఖరం కూడా 20 వోల్టులు అనుకుందాం. రెండూ ఒకే ఆంప్లిఫయర్ గుండా వెళ్తే, శిఖరాలు ఒకదానిపై ఒకటి పడిన క్షణంలో ఆ ఆంప్లిఫయర్ 40 వోల్టులు ఇవ్వగలగాలి. 8 ఓముల లోడుకు 40 వోల్టుల శిఖరాన్ని ఇవ్వగలిగేది 100 వాట్ల ఆంప్లిఫయర్. సిగ్నల్‌ను ముందే విడదీస్తే ఒక్కోదానికి 20 వోల్టులు చాలు, అంటే 25 వాట్ల చొప్పున రెండు ఆంప్లిఫయర్లు సరిపోతాయి. మొత్తం 50 వాట్లతో 100 వాట్ల పని జరుగుతుంది. వోల్టేజీలు నేరుగా కూడుకుంటాయి, వాట్లు మాత్రం వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతాయి. ఈ తేడా అందువల్లే వస్తుంది.

ఈ లెక్కలో తప్పు లేదు, కానీ ఇది అత్యంత అనుకూలమైన సందర్భం. నిజమైన సంగీతంలో శక్తి ఎక్కువగా కింది స్వరాల్లోనే ఉంటుంది. క్రాసోవర్ స్థానం (విభజన జరిగే ఫ్రీక్వెన్సీ) 2500 హెర్ట్జ్ దగ్గర ఉన్న మామూలు రెండు డ్రైవర్ల స్పీకర్‌లో బేస్ శిఖరం 20 వోల్టులు ఉన్నప్పుడు ట్రెబుల్ శిఖరం 5 వోల్టులే ఉందనుకుంటే, ఒకే ఆంప్లిఫయర్ ఇవ్వాల్సింది 25 వోల్టులు, అంటే సుమారు 39 వాట్లు. విడదీసినప్పుడు వూఫర్‌కు కావలసింది 25 వాట్లు. లాభం 2 డెసిబెల్స్ లోపే. మొదటి ఉదాహరణలో అది 6 డెసిబెల్స్. ప్రచారంలో వినిపించే అంకె ఈ రెండో రకం సందర్భానికి వర్తించదు.

హెడ్‌రూమ్ కంటే విలువైన లాభం ఇంకొకటి ఉంది. ఏ ఆంప్లిఫయర్ అయినా తన పరిమితి దాటితే తరంగపు తల నరుక్కుపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఒకే ఆంప్లిఫయర్ ఉన్నప్పుడు ఒక బలమైన డప్పు దెబ్బకు క్లిప్ అయితే, ఆ క్షణంలో గాయని గొంతు, తాళాల మోత అన్నీ కలిసి చెదురుతాయి. క్లిప్పింగ్ వల్ల పుట్టిన పై స్వరాలు పాసివ్ క్రాసోవర్ గుండా ట్వీటర్‌కు చేరతాయి. విడదీసినప్పుడు వూఫర్ ఆంప్లిఫయర్ క్లిప్ అయినా ట్వీటర్ ఆంప్లిఫయర్‌కు ఆ సంగతి తెలియదు. కొత్తగా పుట్టిన పై స్వరాలు వూఫర్‌కే వెళ్తాయి, వాటిని వినిపించే సామర్థ్యం వూఫర్‌కు తక్కువ. అందువల్ల అదే స్థాయి క్లిప్పింగ్ చెవికి చాలా తక్కువగా తెలుస్తుంది. సౌండ్ సెట్లవారు ఈ పద్ధతిని వదలకపోవడానికి ఇదొక గట్టి కారణం.

పాసివ్ బై-ఆంపింగ్‌లో ఈ రెండు లాభాలూ లేవు. రెండు ఆంప్లిఫయర్లూ పూర్తి సిగ్నల్ వోల్టేజీనే మోస్తాయి కనుక రెండూ ఒకే క్షణంలో క్లిప్ అవుతాయి. కరెంటు మాత్రం రెంటి మధ్య పంచుకుంటుంది, కానీ హోమ్ థియేటర్ రిసీవర్‌లో అన్ని చానళ్లకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్, ఒకే పవర్ సప్లై ఉండడం వల్ల ఆ పంపకంతో ఒరిగేది కొద్దే. రిసీవర్ మెనూలోని ఎంపికను ఈ వ్యాసంలోని విషయంతో కలిపి చూడకూడదు.

పాసివ్ క్రాసోవర్ ఎదుర్కొనే చిక్కులు

పాసివ్ క్రాసోవర్ ఆంప్లిఫయర్ తర్వాత, పెద్ద కరెంటు పారే చోట కూర్చుంటుంది. దాని లెక్కలన్నీ డ్రైవర్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు డ్రైవర్ చూపే నిరోధం) మీద ఆధారపడి ఉంటాయి. పేరుకు 8 ఓములని రాసినా, ఆ ఇంపెడెన్స్ ఎక్కడా స్థిరంగా ఉండదు. ట్వీటర్‌కు దాని రెజొనెన్స్ (సహజ కంపన ఫ్రీక్వెన్సీ) దగ్గర ఇంపెడెన్స్ ఎగిసిపడుతుంది. వూఫర్‌కు వాయిస్ కాయిల్ (డ్రైవర్‌ను కదిలించే తీగచుట్ట) ఇండక్టెన్స్ వల్ల పై స్వరాల వైపు పెరుగుతూ పోతుంది. ఈ ఎగుడుదిగుళ్లను సరిచేయడానికి రూపకర్తలు అదనంగా రెసిస్టర్లు, కెపాసిటర్లు చేర్చుతారు.

వేడి ఇంకో చిక్కు. రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. గట్టిగా మోగుతున్నప్పుడు వాయిస్ కాయిల్ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే, 6 ఓముల కాయిల్ 8.3 ఓములవుతుంది. అప్పుడు ధ్వని తగ్గడమే కాదు, పాసివ్ ఫిల్టర్ లెక్క కూడా మారిపోతుంది, క్రాసోవర్ స్థానం జరుగుతుంది. యాక్టివ్ పద్ధతిలో వేడి వల్ల డ్రైవర్ ధ్వని తగ్గడం అలాగే ఉంటుంది, ఫిల్టర్ ఆకారం మాత్రం చెక్కుచెదరదు.

వూఫర్ కంటే ట్వీటర్‌కు సెన్సిటివిటీ (ఒకే వోల్టేజీకి వచ్చే ధ్వని స్థాయి) ఎక్కువగా ఉండడం మామూలే. వూఫర్ 86, ట్వీటర్ 91 డెసిబెల్స్ అయితే పాసివ్ క్రాసోవర్‌లో ఆ 5 డెసిబెల్స్‌ను రెసిస్టర్లలో వేడిగా పోగొట్టాలి. యాక్టివ్ పద్ధతిలో ట్వీటర్ చానల్ లెవెల్‌ను 5 డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. వూఫర్ దారిలోని కాయిల్‌ను తీసేస్తే డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (లోడు ఇంపెడెన్స్‌ను దాని ముందున్న ఇంపెడెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె) అమాంతం పెరిగి బేస్ బిగువుగా మారుతుందని తరచుగా చెబుతారు. 0.04 ఓముల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ఆంప్లిఫయర్ డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 8 ఓములకు 200. మధ్యలో 0.4 ఓముల కాయిల్ చేరితే అది 18కి పడిపోతుంది. 200 ఎక్కడ, 18 ఎక్కడ అనిపిస్తుంది. కానీ వూఫర్ వాయిస్ కాయిల్ సొంత నిరోధమే సుమారు 6 ఓములు ఉంటుంది, అది కూడా అదే దారిలో ఉంది. మొత్తం నిరోధం 6.44 నుంచి 6.04కు దిగుతుంది. వూఫర్ కదలిక మీద దాని ప్రభావం 6, 7 శాతం మేరకే ఉంటుంది. అది లెక్కలో కనిపించే మార్పే, కానీ ప్రచారం చెప్పేంత పెద్దది కాదు. ఆంప్లిఫయర్ ఇంటర్‌మాడ్యులేషన్ వక్రీకరణ (రెండు స్వరాలు కలిసి అసలు లేని స్వరాలను పుట్టించడం) తగ్గుతుందన్న వాదన కూడా ఇలాంటిదే. మంచి ఆధునిక ఆంప్లిఫయర్‌లో ఆ వక్రీకరణ డ్రైవర్ల సొంత వక్రీకరణతో పోలిస్తే ఇప్పటికే ఎంతో తక్కువ.

లింక్విట్జ్-రైలీ ఫిల్టర్, దాని షరతు

ఇవాళ అమ్ముడయ్యే ఎలక్ట్రానిక్ క్రాసోవర్లలో చాలావాటి మీద లింక్విట్జ్-రైలీ అనే పేరు కనిపిస్తుంది. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థలో ఇంజినీర్లుగా పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీల పేర్లు అవి. 1976లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో వచ్చిన లింక్విట్జ్ వ్యాసం, ఒకదానిపై ఒకటి అమర్చిన రెండు డ్రైవర్ల ధ్వని ఎలా కలవాలన్న సమస్యను తీసుకుంది. అంతకుముందు ఎక్కువగా వాడిన మూడో ఆర్డర్ (ఆర్డర్ పెరిగేకొద్దీ ఫిల్టర్ వాలు పెరుగుతుంది) బటర్‌వర్త్ ఫిల్టర్లలో క్రాసోవర్ స్థానం దగ్గర రెండు డ్రైవర్లూ 3 డెసిబెల్స్ చొప్పున తగ్గి, వాటి మధ్య 90 డిగ్రీల ఫేజ్ తేడా (ఒక తరంగం మరోదాని కంటే పావు చక్రం వెనకబడడం) ఉంటుంది. నేరుగా ఎదురుగా కూర్చుంటే మొత్తం సమంగానే వినిపిస్తుంది, కానీ ధ్వని పుంజం పైకో కిందికో వంగుతుంది. లింక్విట్జ్-రైలీ నాలుగో ఆర్డర్ ఫిల్టర్‌లో రెండూ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గి, ఒకే ఫేజ్‌లో ఉంటాయి. పుంజం నేరుగా ఎదుటికి వస్తుంది. ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే ఎడానికి) 24 డెసిబెల్స్ వాలు ఉండడం వల్ల ట్వీటర్‌కు రక్షణ కూడా పెరుగుతుంది.

రెండు బటర్‌వర్త్ రెండో ఆర్డర్ ఫిల్టర్లను వరసగా పెడితే ఈ ఫిల్టర్ తయారవుతుంది. చిన్న ఆప్-ఆంప్ చిప్‌లతో కొద్ది ఖర్చులో కట్టవచ్చు. అదే వాలును పాసివ్ భాగాలతో సాధించాలంటే పెద్ద కాయిళ్లు, ఖరీదైన కెపాసిటర్లు కావాలి, పైగా డ్రైవర్ ఇంపెడెన్స్‌ను ముందు సరిచేయాలి.

అయితే ఈ సిద్ధాంతానికి ఒక షరతు ఉంది. ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ వాలు గాలిలో వచ్చే ధ్వనికి ఉండాలి, తీగలో పారే విద్యుత్ సిగ్నల్‌కు ఉంటే సరిపోదు. డ్రైవర్‌కు తనదంటూ ఒక వాలు, ఒక ఫేజ్ ఉంటాయి. చెవికి చేరేది ఫిల్టర్, డ్రైవర్ రెండూ కలిసిన ఫలితం. ఈ ఒక్క విషయాన్ని మరిచిపోవడం వల్లే ఇళ్లలో చేసే బై-ఆంపింగ్ ప్రయోగాలు ఎక్కువగా దారి తప్పుతాయి.

పెట్టెలో ఉన్న పాత క్రాసోవర్ చేస్తున్న పనులు

తయారైన స్పీకర్‌లోని పాసివ్ క్రాసోవర్‌ను కేవలం రెండు ఫిల్టర్లుగా చూడకూడదు. ఆ నాలుగైదు కాయిళ్లు, కెపాసిటర్ల విలువల్లో రూపకర్త కొలిచి తీసుకున్న నిర్ణయాలు దాగి ఉంటాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది బాఫిల్ స్టెప్. పై స్వరాలు పెట్టె ముందు పలక నుంచి ముందుకే వస్తాయి. కింది స్వరాల తరంగదైర్ఘ్యం పలక వెడల్పు కంటే చాలా ఎక్కువ కనుక అవి పెట్టెను చుట్టుకొని వెనక్కి కూడా వ్యాపిస్తాయి. ఫలితంగా ఎదుటివైపు కింది స్వరాలు గరిష్ఠంగా 6 డెసిబెల్స్ వరకు తగ్గుతాయి. ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో స్థూలంగా తెలుసుకోవడానికి 115ను పలక వెడల్పుతో, మీటర్లలో, భాగించాలి. 23 సెంటీమీటర్ల వెడల్పుకు అది 500 హెర్ట్జ్. పాసివ్ క్రాసోవర్‌లోని వూఫర్ కాయిల్‌ను ఉద్దేశపూర్వకంగా పెద్దదిగా పెట్టి, మధ్య స్వరాలను అణచి, ఈ లోటును పూడుస్తారు.

వూఫర్ కోన్ ఒక ఫ్రీక్వెన్సీ దాటాక మొత్తంగా ఒక్కటై కదలదు, ముక్కలు ముక్కలుగా కంపిస్తుంది. అల్యూమినియం వంటి గట్టి కోన్‌లలో అది పదునైన శిఖరంగా బయటపడుతుంది, దాన్ని అణచడానికి ఒక నాచ్ ఫిల్టర్ (ఒక సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీని మాత్రమే తగ్గించేది) ఉంటుంది. ట్వీటర్ తన రెజొనెన్స్ కింద ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున తనంతట తానే తగ్గుతుంది, ఆ సహజ వాలును కూడా లెక్కలో కలుపుకునే రూపకర్త ఫిల్టర్ భాగాన్ని నిర్ణయిస్తారు. వూఫర్ కోన్ లోతుగా ఉండడం వల్ల దాని ధ్వని కేంద్రం ట్వీటర్ కంటే వెనక ఉంటుంది. ఆ ఎడం 25 మిల్లీమీటర్లు అనుకుంటే, గాలిలో ధ్వని వేగం ప్రకారం 73 మైక్రోసెకన్ల ఆలస్యం. వినడానికి ఇది ఏమీ కాదనిపిస్తుంది. కానీ 2500 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 137 మిల్లీమీటర్లే కనుక, అది 66 డిగ్రీల ఫేజ్ తేడా. రెండు డ్రైవర్లు ఒకే ఫేజ్‌లో కలవాలన్న షరతు అక్కడే చెడుతుంది.

ఈ క్రాసోవర్‌ను పీకేసి, దాని స్థానంలో బజారులో దొరికే రెండు దారుల ఎలక్ట్రానిక్ క్రాసోవర్‌ను పెట్టి, నాబ్‌ను 2500 హెర్ట్జ్ దగ్గరికి తిప్పితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. డీబీఎక్స్ 223 వంటి అనలాగ్ క్రాసోవర్‌లో లింక్విట్జ్-రైలీ వాలు, లెవెల్ నాబ్‌లు ఉంటాయి. బాఫిల్ స్టెప్ సవరణ, నాచ్ ఫిల్టర్ ఉండవు. బేస్ పలచబడుతుంది, కోన్ శిఖరం బయటికొస్తుంది, క్రాసోవర్ దగ్గర పల్లం ఏర్పడుతుంది. బేస్ తగ్గి పై స్వరాలు ముందుకు రావడాన్ని మొదటి రోజుల్లో చెవి ‘స్పష్టత’గా తీసుకునే అవకాశం ఉంది, కొన్ని వారాలకు అదే అలసటగా మారుతుంది. సౌండ్ సెట్‌లో అదే క్రాసోవర్ చక్కగా పనిచేయడానికి కారణం, అక్కడ బేస్ పెట్టెకూ టాప్ పెట్టెకూ మధ్య విభజన ఎంతో కింద, 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఆ స్థాయిలో తరంగదైర్ఘ్యం 3 మీటర్లకు పైమాటే కనుక కొద్ది సెంటీమీటర్ల ఎడం లెక్కలోకి రాదు.

యాక్టివ్ పద్ధతిని వృత్తిగా చేసినవారి తీరు ఈ విషయాన్నే చూపుతుంది. నైమ్, లిన్ వంటి బ్రిటిష్ సంస్థలు ఎలక్ట్రానిక్ క్రాసోవర్లను అమ్మినప్పుడు ఫలానా మోడల్ స్పీకర్‌కు ఫలానా క్రాసోవర్ అని ప్రత్యేకంగా తయారుచేసి అమ్మాయి. ఏ స్పీకర్‌కైనా సరిపడే ఒకే పెట్టెగా వాటిని ఇవ్వలేదు.

డీఎస్పీ వచ్చాక మారినది

అనలాగ్ క్రాసోవర్‌లో లేని సవరణలన్నీ డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్‌లో, అంటే డీఎస్పీలో, కంప్యూటర్ తెర మీద చేసుకోవచ్చు. మినీడీఎస్పీ 2×4 హెచ్‌డీ వంటి చిన్న పెట్టెలో రెండు ఇన్‌పుట్‌లు, నాలుగు అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఒక స్టీరియో జతను బై-ఆంప్ చేయడానికి సరిగ్గా ఇన్నే కావాలి. ఆలస్యాన్ని కూడా మార్చుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శాంపిల్ అంటే 20.8 మైక్రోసెకన్లు, అంటే గాలిలో 7 మిల్లీమీటర్లు. 96 కిలోహెర్ట్జ్ దగ్గర అందులో సగం.

ఈ సవరణలకు ఆధారం కొలత. క్రమాంకనం ఫైలుతో వచ్చే యూఎస్‌బీ మైక్రోఫోన్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ పని ఇంట్లోనే చేయవచ్చు. ఒక్కో డ్రైవర్‌ను విడిగా, సుమారు మీటరు దూరం నుంచి కొలవాలి. నేల, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని తీసేయడానికి మొదటి 5 మిల్లీసెకన్ల ధ్వనినే తీసుకుంటే 200 హెర్ట్జ్ కంటే కిందిది ఆ కొలతలో నమ్మదగినది కాదు. ఆ భాగాన్ని మైక్రోఫోన్‌ను వూఫర్ కోన్‌కు ఆనించినంత దగ్గరగా పెట్టి వేరుగా కొలవాలి. లింక్విట్జ్-రైలీ నాలుగో ఆర్డర్ అమరిక సరిగ్గా కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది: ట్వీటర్ ప్లస్, మైనస్ తీగలను తారుమారు చేసి మళ్లీ కొలిస్తే, క్రాసోవర్ స్థానం దగ్గర లోతైన, రెండువైపులా సమానమైన గుంట కనిపించాలి. గుంట లోతు లేకుండానో ఒక పక్కకు ఒరిగో ఉంటే ఫేజ్ ఇంకా కుదరలేదని అర్థం.

డీఎస్పీ తనవైన సమస్యలను కూడా తెస్తుంది. లీనియర్ ఫేజ్ ఎఫ్ఐఆర్ ఫిల్టర్లు (ఒక రకం డిజిటల్ ఫిల్టర్లు) ఫేజ్‌ను చెదరనివ్వవు, కానీ 48 కిలోహెర్ట్జ్ దగ్గర 4096 ట్యాప్‌ల (అంటే అన్ని శాంపిళ్లను లెక్కలోకి తీసుకునే) ఫిల్టర్ దాదాపు 43 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని చేర్చుతుంది. సినిమా చూసేటప్పుడు పెదవుల కదలిక, మాట కుదరకపోతే కారణం ఇదే కావచ్చు. గ్రామఫోన్ రికార్డులు వినేవారు అనలాగ్ సిగ్నల్‌ను ఒకసారి డిజిటల్‌గా మార్చి మళ్లీ వెనక్కి తేవడానికి ఒప్పుకోవాలి.

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది మాత్రం ట్వీటర్ నుంచి వచ్చే సన్నని ‘స్‌స్’ శబ్దం. ఆంప్లిఫయర్ గెయిన్ 26 డెసిబెల్స్ అంటే సిగ్నల్ 20 రెట్లు పెరుగుతుంది, డీఎస్పీ అవుట్‌పుట్‌లోని నాయిస్ కూడా అన్ని రెట్లే పెరుగుతుంది. ఆ నాయిస్ 100 మైక్రోవోల్టులు అయితే ట్వీటర్ దగ్గర 2 మిల్లీవోల్టులవుతుంది. 2.83 వోల్టులకు 92 డెసిబెల్స్ ఇచ్చే ట్వీటర్ ఆ 2 మిల్లీవోల్టులకు మీటరు దూరంలో 29 డెసిబెల్స్ ధ్వని చేస్తుంది. రాత్రిపూట నిశ్శబ్దమైన గదిలో ఇది వినిపిస్తుంది. నాయిస్ 10 మైక్రోవోల్టులే ఉంటే 9 డెసిబెల్స్, అది వినిపించదు. తక్కువ గెయిన్ ఉన్న ఆంప్లిఫయర్‌ను ఎంచుకోవడమో, దాని ముందు చిన్న అటెన్యుయేటర్ పెట్టడమో దీనికి మందు. పెట్టెలు పెరిగేకొద్దీ ఎర్త్ లూప్ (పరికరాల ఎర్త్ తీగలు, కేబుళ్లు కలిసి ఏర్పడే వలయం) వల్ల వచ్చే హమ్ కూడా పెరుగుతుంది. సెట్‌టాప్ బాక్సు కేబుల్, డీఎస్పీ, రెండు ఆంప్లిఫయర్లు వేర్వేరు ప్లగ్గుల మీద ఉన్న ఇళ్లలో ఇది మామూలు. బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడగలిగే పరికరాలను ఎంచుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

లాభం ఎక్కువగా ఉండే చోటు

విభజన ఎంత కింది ఫ్రీక్వెన్సీలో ఉంటే యాక్టివ్ పద్ధతికి అంత బలం. 8 ఓముల లోడుకు 2500 హెర్ట్జ్ దగ్గర అత్యంత సరళమైన పాసివ్ ఫిల్టర్‌కు 0.5 మిల్లీహెన్రీ కాయిల్, 8 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. 300 హెర్ట్జ్‌కు దిగితే 4.2 మిల్లీహెన్రీ, 66 మైక్రోఫారడ్ కావాలి. అంత పెద్ద కాయిల్‌ను గాలి కోర్‌తో చుడితే రాగి బరువూ నిరోధమూ పెరుగుతాయి, ఇనుప కోర్‌తో చుడితే గట్టిగా మోగినప్పుడు కోర్ సంతృప్తమై వక్రీకరణ పుడుతుంది. శక్తి విభజన పరంగా కూడా ఆ ప్రాంతంలోనే రెండు ఆంప్లిఫయర్ల మధ్య భారం కాస్త సమంగా పంచుకుంటుంది.

అందువల్ల మూడు డ్రైవర్ల స్పీకర్‌లో వూఫర్‌ను మాత్రం యాక్టివ్‌గా వేరుచేసి, మిడ్‌రేంజ్, ట్వీటర్‌ల మధ్య ఉన్న పాసివ్ క్రాసోవర్‌ను అలాగే ఉంచడం తెలివైన మధ్యేమార్గం. సున్నితమైన ఫేజ్ పనిని రూపకర్త చేసినట్టే వదిలేసి, బరువైన పనిని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించినట్టవుతుంది. ట్వీటర్ ముందు దాని కెపాసిటర్ కూడా భద్రంగా ఉంటుంది. నిజానికి హోమ్ థియేటర్‌లో ముందు స్పీకర్లను ‘స్మాల్’ అని పెట్టి, అంటే వాటికి వెళ్లే బేస్‌ను మళ్లించి, సబ్‌వూఫర్ వాడుతున్న ప్రతి ఇంట్లో యాక్టివ్ క్రాసోవర్ ఇప్పటికే పనిచేస్తోంది. టీహెచ్ఎక్స్ (సినిమా ధ్వని ప్రమాణాల సంస్థ) పద్ధతిలో ఆ విభజన 80 హెర్ట్జ్ దగ్గర, స్పీకర్ల వైపు ఆక్టేవ్‌కు 12, సబ్‌వూఫర్ వైపు 24 డెసిబెల్స్ వాలుతో జరుగుతుంది. సబ్‌వూఫర్‌లో సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది, రిసీవర్‌కు భారం తగ్గుతుంది. బై-ఆంపింగ్ గురించి ఆలోచిస్తున్నవారిలో చాలామందికి ఖర్చుకు తగిన ఫలితం ఇక్కడే ఎక్కువగా దొరుకుతుంది.

పాసివ్ స్పీకర్లు ఇంకా ఎందుకు ఎక్కువ

స్టూడియోల్లో ఈ చర్చ ఎప్పుడో ముగిసింది. ఫిన్లాండ్‌లోని ఈసల్మీ పట్టణంలో 1978లో మొదలైన జెనెలెక్ సంస్థ తొలి ఉత్పత్తి ఎస్30 మానిటరే (స్టూడియోలో వినడానికి వాడే స్పీకర్) యాక్టివ్ స్పీకర్. ఇవాళ యమహా హెచ్ఎస్ శ్రేణి నుంచి జేబీఎల్ 3 శ్రేణి వరకు చిన్న స్టూడియోల్లో, ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే గదుల్లో కనిపించే మానిటర్లు దాదాపు అన్నీ లోపలే రెండు ఆంప్లిఫయర్లు, యాక్టివ్ క్రాసోవర్ ఉన్నవే.

ఇళ్లలో మాత్రం కొనుగోలు అలవాటు వేరు. ఆంప్లిఫయర్‌ను ఒక సంస్థ నుంచి, స్పీకర్‌ను మరో సంస్థ నుంచి ఎంచుకొని జతకలపడమే ఈ అభిరుచిలో పెద్ద ఆనందం. పాసివ్ స్పీకర్ ఆ స్వేచ్ఛను ఇస్తుంది, ముప్పై ఏళ్ల తర్వాత కూడా కొత్త ఆంప్లిఫయర్‌తో పనిచేస్తుంది. యాక్టివ్ స్పీకర్‌లో ఎలక్ట్రానిక్స్ పాడైతే స్పీకరే మూలన పడే ప్రమాదం ఉంది. 1970లలోనే ఫిలిప్స్ సంస్థ లోపల ఆంప్లిఫయర్లు ఉన్న మోషనల్ ఫీడ్‌బ్యాక్ స్పీకర్లను ఇళ్ల కోసం తెచ్చినా, ఆ దారి అప్పట్లో విస్తరించలేదు. కెఫ్ సంస్థ 2012లో తెచ్చిన పాసివ్ ఎల్ఎస్50కు 2016లో వైర్‌లెస్ యాక్టివ్ రూపం రావడం, ఫోన్ నుంచి నేరుగా పాటలు వినే అలవాటుతో ఈ పరిస్థితి మారుతోందనడానికి ఒక ఉదాహరణ. పెట్టె లోపలి డ్రైవర్లను కొలిచినవారే డీఎస్పీని కూడా అమర్చి ఇస్తే, పైన చెప్పిన కష్టం కొనేవారికి ఉండదు. చేతిపని మీద ఆసక్తి లేనివారికి యాక్టివ్ పద్ధతి లాభాలు దక్కే సులువైన మార్గం ఇదే.

ట్వీటర్ భద్రత

సొంతంగా చేయాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది ట్వీటర్ ప్రాణం. పాసివ్ క్రాసోవర్‌లోని కెపాసిటర్ డీసీని, బేస్‌ను అడ్డుకునేది. యాక్టివ్ పద్ధతిలో ఆ కాపలా ఉండదు. డీఎస్పీలో తప్పు ప్రీసెట్ లోడ్ అయినా, రెండు కేబుళ్లు తారుమారైనా, ఆంప్లిఫయర్ ఆన్ అయ్యేటప్పుడు ‘ధబ్’ మన్నా సన్నని వాయిస్ కాయిల్ క్షణంలో మాడిపోవచ్చు. ఆన్ చేసేటప్పుడు డీఎస్పీ ముందు, ఆంప్లిఫయర్లు చివర; ఆఫ్ చేసేటప్పుడు ఆంప్లిఫయర్లు ముందు అన్నది నియమం. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం ఆ నియమాన్ని పాటించే చెయ్యి ఉండదు, అన్నీ ఒకేసారి లేస్తాయి. అందుకే ఆన్ అయిన కొన్ని సెకన్ల తర్వాత గానీ స్పీకర్‌ను కలపని రిలే ఉన్న ఆంప్లిఫయర్లు, లేదా డీఎస్పీకి చిన్న యూపీఎస్ అవసరం. దీనికి తోడు ట్వీటర్‌కు వరసలో ఒక రక్షణ కెపాసిటర్ ఉంచడం మంచిది. 8 ఓములకు 33 మైక్రోఫారడ్ పెడితే దాని కోత 600 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 2500 హెర్ట్జ్ క్రాసోవర్‌కు అది రెండు ఆక్టేవ్‌లు కింద కనుక ధ్వనిలో పెద్ద మార్పు తేదు. మిగిలిన కొద్ది మార్పు కొలతలో కనిపించి సవరణలో కలిసిపోతుంది.

జంపర్ల సంగతి కూడా మరవకూడదు. అవి ఉండగానే రెండు ఆంప్లిఫయర్లను తగిలిస్తే ఒకదాని అవుట్‌పుట్ రెండోదాని అవుట్‌పుట్‌కు నేరుగా కలుస్తుంది, ఏదో ఒకటి కాలిపోవచ్చు.

మొదటిసారి మోగించేటప్పుడు ట్వీటర్ తగిలించకూడదు. ఆ తీగలకు పోయినా బాధలేని ఒక పాత స్పీకర్‌ను తగిలించి, వాల్యూమ్ బాగా తగ్గించి, మృదంగం బాగా వినిపించే ఏదైనా కచేరీ రికార్డింగ్‌ను పెట్టాలి. చానల్ సరిగ్గా ఉంటే తాళాల మెరుపు, మాటల్లోని ‘స’కారాలు, వయొలిన్ పై అంచు మాత్రమే పలచగా వినిపిస్తాయి. మృదంగం తొప్పి (బేస్ పలికే ముఖం) మోత అందులో నిండుగా వినిపించిందంటే కేబుళ్లు తారుమారైనట్టే. వాటిని సరిచేసి, మళ్లీ విని, ఆంప్లిఫయర్‌ను రెండు మూడు సార్లు ఆన్, ఆఫ్ చేసి చూసిన తర్వాతే ఆ తీగలను ట్వీటర్‌కు కలపాలి.